గెడ్డలో (కొండవాగులో) దిగేముందు టేపు పట్టండి: ఫోర్‌బైఫోర్ ఇంజన్‌లోకి నీళ్ళు పోకుండా

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో స్నార్కెల్ (ఇంజన్ గాలి పీల్చే మూతిని బండి టాపు దాకా ఎత్తే గొట్టం) బిగించుకున్న రోజే చాలామందికి ఒక ధీమా వచ్చేస్తుంది, ఇక ఎంత నీటిలోనైనా దిగొచ్చని. ఇంజన్లు ఎక్కువగా పాడయ్యేది ఆ ధీమాతోనే. బండికి ముక్కు ఒక్కటే ఉండదు. ఇంజన్, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచేది), ముందు ఇరుసు, వెనక ఇరుసు, డీజిల్ ట్యాంకు అన్నీ గాలి పీలుస్తాయి, వదులుతాయి. వీటన్నిటిలో అన్నిటికన్నా కింద తెరిచి ఉన్న రంధ్రం నేలకు ఎంత ఎత్తులో ఉందో మీ బండి దాటగల లోతు అంతే. స్నార్కెల్ తల టాపు దాకా ఉన్నా, వెనక ఇరుసు బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) 50 సెంటీమీటర్ల దగ్గర ఉంటే మీ లోతు 50 సెంటీమీటర్లే.

అందుకే పని టేపుతో మొదలుపెట్టాలి. చదునైన చోట, మామూలుగా వేసే లోడుతో, టైర్లలో సరైన గాలితో బండిని నిలబెట్టి నేల నుంచి కొలవండి: హబ్ మధ్య భాగం, రెండు ఇరుసుల బ్రీదర్లు, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు బ్రీదర్లు, ఫ్యాను రెక్కల కింది అంచు, డైనమో, సెల్ఫ్ మోటారు, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి గాలి వెళ్ళే మూతి, ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటరు), ఫ్యూజు బాక్సు. ఈ అంకెలు డ్రైవరు తలుపు లోపలి అంచున చెరగని మార్కరుతో రాసుకోండి. కంపెనీ ఇచ్చే అంకె కూడా పక్కనే రాయండి: 2020 తర్వాతి థార్‌కి 650 మి.మీ., గుర్ఖా, హైలక్స్‌లకు 700 మి.మీ. ఇవి నిలకడ నీటిలో నెమ్మదిగా నడిపితే వర్తించే అంకెలు. గెడ్డలో నీళ్ళు పారుతుంటాయి, అడుగున రాళ్ళుంటాయి, గుంటలుంటాయి. కాబట్టి వాటిలోంచి కనీసం 15 సెంటీమీటర్లు తీసేసుకోండి.

గట్టు వాలు కూడా లెక్కలోకి రావాలి. 15 డిగ్రీల వాలు దిగేటప్పుడు, ముందు ఇరుసుకు 80 సెంటీమీటర్ల ముందున్న బంపరు ఇరుసు కన్నా మరో 20 సెంటీమీటర్లు కిందికి వంగుతుంది. హెడ్‌లైటు పక్కనుంచి గాలి పీల్చే బండ్లు మధ్యలో కాకుండా మొదటి రెండు మీటర్లలోనే నీళ్ళు తాగేది ఇందువల్లే.

ఏడు చెంచాల నీళ్ళు చాలు

2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ తీసుకోండి. ఒక్కో సిలిండరు సుమారు 546 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలి ఎన్నో వంతుకు నలుగుతుందో ఆ అంకె) 16 అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా సుమారు 36 మిల్లీలీటర్లు, అంటే ఏడు టీ చెంచాలు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. అంతకు మించి నీళ్ళు ఒక సిలిండర్‌లో చేరితే పిస్టన్ మధ్యలోనే ఆగిపోతుంది. పిస్టన్లను ఆడించే ఇరుసు, అంటే క్రాంకు మాత్రం ఫ్లైవీల్ బరువుతో తిరుగుతూనే ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఉన్న కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మెకానిక్కులు హైడ్రోలాక్ అనేది దీన్నే.

ఇదే ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2200 లీటర్ల గాలి పీలుస్తుంది, అంటే సెకనుకు 36 లీటర్లు. ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో ఒత్తిడి కలిస్తే ఇంకా ఎక్కువ. ఆ వేగంతో పీలుస్తున్న గొట్టం మూతికి ఒక్క అల తగిలినా గ్లాసెడు నీళ్ళు లోపలికి పోతాయి. ‘ఒక్క క్షణమే మునిగింది’ అన్న మాట ఇక్కడ పనికిరాదు.

వంగిన రాడ్డుతో బండి వెంటనే ఆగిపోకపోవచ్చు, అసలు ప్రమాదం అదే. రాడ్డు 1 మి.మీ. పొట్టిదైతే కంప్రెషన్ 16 నుంచి 14కు పడిపోతుంది. పొగ కాస్త పెరుగుతుంది, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) చిన్న వణుకు కనిపిస్తుంది, అంతే. కొన్ని వారాల తర్వాత ఘాటు ఎక్కుతుండగా లోడు మీద ఆ రాడ్డు విరిగి బ్లాకును బద్దలు కొట్టుకుని బయటికొస్తుంది. ఆరోజు నీళ్ళ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

స్నార్కెల్: బిగించడం సగం పనే

స్నార్కెల్ గొట్టం బయట ఎంత గట్టిగా కనిపించినా, నీళ్ళు దూరేది ఫెండరు లోపలి అతుకుల్లోంచి. చూడాల్సిన చోట్లు ఐదు: స్నార్కెల్ గొట్టం ఫిల్టర్ డబ్బాతో కలిసే రబ్బరు మోచేయి, ఫిల్టర్ డబ్బా మూత రబ్బరు, డబ్బా అడుగున ఉండే నీళ్ళ రంధ్రం, డబ్బా నుంచి టర్బోకి పోయే గొట్టం రెండు కొసలు, ఆ గొట్టంలోకి ఇంజన్ పైనుంచి వచ్చి కలిసే క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపు. ఈ ఐదోదాన్ని చాలామంది మరిచిపోతారు. పాత బండ్లలో ఆ పైపు క్లిప్పు వదులై వేలితో లాగితే ఊడి వస్తుంది.

డబ్బా అడుగు రంధ్రం దగ్గర జాగ్రత్త కావాలి. స్నార్కెల్ తలలోంచి వచ్చే కొద్దిపాటి వాననీరు బయటికి పోవడానికే కంపెనీ దాన్ని పెట్టింది. అలాగే వదిలేస్తే గెడ్డనీరు లోపలికి వస్తుంది, శాశ్వతంగా సీలు చేస్తే వాననీరు లోపలే నిలుస్తుంది. పీల్చినప్పుడు పెదాలు మూసుకునే బాతుముక్కు రబ్బరు వాల్వు పెట్టడం మంచిది. అది దొరక్కపోతే బిగుతైన రబ్బరు బిరడా పెట్టి, ప్రతి వానాకాలం ప్రయాణం తర్వాత తీసి నీళ్ళు వంపేయండి.

అతుకులకు సిలికాన్ పూసేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే రకం వద్దు. ఆ ఆమ్లం లోహాన్నీ గాలి సెన్సారునూ తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి, పూసాక 24 గంటలు ఆరనివ్వండి.

ఇప్పుడు పరీక్ష. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి స్నార్కెల్ తల విప్పి, గొట్టం మూతిని చెక్కముక్కతో పూర్తిగా మూయండి. గుడ్డ వాడకండి, లోపలికి లాక్కుంటుంది. కొన్ని సెకన్లలో ఇంజన్ ఆయాసపడి ఆగిపోవాలి. ఏమీ పట్టనట్టు నడుస్తూ ఉంటే ఇంకెక్కడి నుంచో గాలి పీలుస్తోందన్నమాట. గాలి దూరే చోట నీరూ దూరుతుంది. ఆ చోటు కనిపెట్టడానికి ఇంజన్ ఆపి, టర్బో దగ్గర గొట్టం ఊడదీసి ఆ కొసనూ, క్రాంక్‌కేస్ బ్రీదర్ కలిసే చోటునూ బిగించి మూసేయండి. స్నార్కెల్ మూతికి పాత ట్యూబు ముక్క కట్టి సైకిల్ పంపుతో గాలి కొట్టండి, 2 పీఎస్ఐ మించొద్దు. అతుకుల మీద సబ్బు నీళ్ళు రాస్తే బుడగలు వచ్చేచోటు తెలిసిపోతుంది. ఈ పనికి గంట పడుతుంది. స్నార్కెల్ బిగించినవాళ్ళు ఈ పరీక్ష చేసి చూపించకపోతే డబ్బులు ఇవ్వకముందే అడిగి చేయించుకోండి.

బ్రీదర్లు

ఎస్.కోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కి దిగాక ఇరుసు హౌసింగ్ మీద చెయ్యి పెట్టలేం. లోపలి ఆయిలూ గాలీ 80 డిగ్రీల దాకా కాగి ఉంటాయి. అదే ఇరుసు ఒక్కసారిగా 25, 30 డిగ్రీల గెడ్డనీటిలో మునిగితే లోపలి గాలి ఏడో వంతు దాకా కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ ఎక్కడి నుంచో నిండాలి. కంపెనీ బిగించే చిన్న టోపీ బ్రీదర్ లోపలి ఒత్తిడిని బయటికి వదలడానికి పనికొస్తుంది గానీ బురద పట్టాక లోపలికి గాలి రానివ్వదు. అప్పుడు ఇరుసు ఆయిల్ సీళ్ళ అంచుల్లోంచి నీళ్ళు పీలుస్తుంది. సీలు ఆయిల్ బయటికి పోకుండా ఆపడానికి చేసింది, బయటి నీళ్ళు లోపలికి రాకుండా గట్టిగా నిలబడలేదు. ఇరుసు లోపలి పళ్ళ చక్రాలు (క్రౌన్ వీల్, పీనియన్), బేరింగులు పోవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. పైగా ఇది ఇంజన్ ఆగిపోవడంలా కనబడదు, నెలల తర్వాత వెనక నుంచి వచ్చే ‘ఊ’ అనే శబ్దంగా బయటపడుతుంది.

మందు చవకైనదే. నాలుగు బ్రీదర్లనూ గొట్టాలతో పైకి తీసుకెళ్ళాలి. న్యూమాటిక్ సామాన్లు అమ్మే షాపుల్లో 8 మి.మీ. పాలీయురిథేన్ గొట్టం మీటర్ల లెక్కన దొరుకుతుంది. నాలుగింటికీ కలిపి 8 నుంచి 10 మీటర్లు తెచ్చుకోండి. బ్రీదర్ టోపీలు విప్పి వాటినే షాపుకు పట్టుకెళ్ళి మర సరిపోయే ఫిట్టింగులు తీసుకోండి. కంటితో చూసి అంచనా కట్టొద్దు, మర తేడా వస్తే హౌసింగ్ మర పోతుంది. పాత టోపీ విప్పేముందు చుట్టూ బ్రష్షుతో శుభ్రం చేయండి, ఇసుక లోపల పడితే చేసిన పనికి అర్థం ఉండదు.

గొట్టాలు వేసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: కింది నుంచి పై దాకా ఎక్కుతూనే పోవాలి. మధ్యలో ఎక్కడైనా ఊయలలా వేలాడితే ఆ వంపులో ఆయిల్, తేమ చేరి బిరడాలా మూసుకుపోతాయి. సైలెన్సర్ పైపుకు కనీసం జానెడు దూరం ఉంచండి. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక మూరెడు వదులు ఇవ్వండి. తర్వాత ఒక చక్రాన్ని జాకీతో గాలిలోకి వేలాడేలా లేపి గొట్టం లాగట్లేదని చూసుకోండి. ఈ చూపు చూడనివాళ్ళ గొట్టం మొదటి పెద్ద రాయి ఎక్కగానే తెగుతుంది. పై కొసలు బానెట్ కింద, ఫైర్‌వాల్ (ఇంజన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య గోడ) మీద అన్నిటికన్నా ఎత్తైన చోట కట్టి, ఒక్కోదానికి మోటారు సైకిల్ పెట్రోలు లైనులో వాడే చిన్న ఫిల్టర్ తొడగండి. పని అయ్యాక ఇరుసు ఫిల్లర్ బోల్టు తెరిచి పై కొస నుంచి ఊదండి. గాలి అడ్డు లేకుండా బయటికొస్తే దారి సరిగ్గా ఉన్నట్టు.

డీజిల్ ట్యాంకు గాలి గొట్టం కూడా ఒకసారి వెతికి చూడండి. పికప్ బండ్లలో అది ఛాసిస్ పక్కనే కిందికి ఉండొచ్చు. కామన్ రైల్ (ఇంజెక్టర్లకు ఎక్కువ ఒత్తిడిలో డీజిల్ అందించే ఏర్పాటు) పంపు, ఇంజెక్టర్లు వెయ్యి బార్‌లకు పైబడిన ఒత్తిడిలో డీజిల్ జిడ్డు మీదే ఆధారపడి పనిచేస్తాయి. అక్కడికి నీరు చేరితే బిల్లు ఇంజన్ ఓవర్‌హాల్‌తో పోటీ పడుతుంది.

ఫ్యాను, డైనమో, కప్లర్లు

తిరుగుతున్న ఫ్యాను నీళ్ళలో మునిగితే పడవ ప్రొపెల్లర్‌లా ముందుకు లాగుతుంది. ప్లాస్టిక్ రెక్కలు వంగి రేడియేటర్‌ను కోసేస్తాయి. ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్న బండిలో నీళ్ళలో దిగేముందు ఏసీ తప్పకుండా ఆపండి, ఏసీ వేసి ఉంటే ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. రేడియేటర్ లోతు దాకా నీళ్ళుంటే ఫ్యాను కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) పీకి, అవతలి గట్టు ఎక్కగానే తిరిగి పెట్టేయండి. ఇంజన్‌తో పాటే తిరిగే విస్కస్ ఫ్యాను వేడి మీద బిగుసుకుని గట్టిగా తిరుగుతుంది, చల్లబడితే వదులవుతుంది. గట్టు మీద పది, పదిహేను నిమిషాలు ఆగితే మేలని అనడానికి ఇదొక కారణం. ఇరుసులకూ బ్రేకులకూ టర్బోకూ కూడా ఆ విశ్రాంతి కావాలి.

డైనమోను నీరు వెంటనే చంపదు, ఎర్రమట్టి బురద చంపుతుంది. మన కొండల మట్టి ఆరాక సిమెంటులా పట్టేసి బ్రష్షులను అరగదీస్తుంది. కప్లర్లు వానాకాలానికి ముందే ఒక్కొక్కటీ విప్పి, కాంటాక్టు క్లీనర్ కొట్టి, ఆరాక రబ్బరు అంచులకు డైఎలక్ట్రిక్ గ్రీసు పల్చగా రాసి బిగించండి. మామూలు చక్రాల గ్రీసు వాడితే రబ్బరు ఉబ్బుతుంది. పెట్రోలు బండైతే ఇగ్నిషన్ కాయిళ్ళ రబ్బరు గొట్టాలు ముందు చూడండి, ప్లగ్గు గుంటలో చేరిన చెంచాడు నీటికే మిస్‌ఫైర్ మొదలవుతుంది.

బీఎస్6 డీజిల్ బండ్లకు ఇంకో మాట. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) రీజనరేషన్, అంటే ఆ మసిని కాల్చేయడం, జరుగుతున్నప్పుడు సైలెన్సర్ లైను లోపల 600 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఆ వేడిలో చల్లటి గెడ్డలో దిగితే లోపలి పింగాణీ పగలొచ్చు. డాష్‌బోర్డు మీద రీజన్ గుర్తు వెలుగుతున్నా, ఐడిల్ మామూలు కన్నా ఎక్కువ ఉన్నా, అది పూర్తయ్యి చల్లబడే దాకా ఆగాలి.

గెడ్డ దగ్గర

ముందు నీళ్ళను చూడండి. అనంతగిరి, పాడేరు, చింతపల్లి వైపు గెడ్డల్లో ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడితే నీళ్ళు వేగంగా పెరుగుతాయి. తేటగా ఉన్న నీరు ఎర్రబారడం, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకురావడం, చప్పుడు బరువెక్కడం - ఈ మూడింట్లో ఏది కనబడినా వెనక్కి జరిగి ఎత్తులో నిలబడండి. పెరిగినంత త్వరగానే చాలాసార్లు తగ్గుతుంది కూడా. ఊరివాళ్ళను అడగండి, ఎడ్లబండి ఏ రేవులో దాటుతుందో వాళ్ళకు తెలుసు. చప్టా మీంచి నీళ్ళు పోతుంటే అంచులు కోసుకుపోయాయో లేదో పైనుంచి కనబడదు, కాబట్టి అక్కడ అసలు దిగొద్దు.

తర్వాత నడిచి దాటండి. రెండు మీటర్ల వెదురు కర్రకు 40 సెంటీమీటర్ల దగ్గర ఒక రంగు టేపు, మీ బండి పరిమితి దగ్గర ఇంకో రంగు టేపు చుట్టి ఉంచుకోండి. నడుముకు తాడు కట్టి, గట్టు మీద ఒకరిని పట్టుకోమని చెప్పి, రెండు చక్రాలూ పోయే రెండు దారుల్లోనూ కర్రతో గుచ్చుకుంటూ వెళ్ళండి. మోకాలు లోతులో మనిషి నిలబడలేకపోతే బండీ నిలబడదు.

దీని వెనక లెక్క ఇది. బండి అడుగు భాగం వెడల్పు 1.7 మీటర్లు, పొడవు 3.5 మీటర్లు అనుకుంటే 6 చదరపు మీటర్లు. ఫ్లోరు పైకి ప్రతి 10 సెంటీమీటర్ల నీరు 600 కిలోల బరువును ఎత్తేస్తుంది. తలుపుల రబ్బర్లు బాగున్న 1800 కిలోల బండి, ఫ్లోరు పైన ఒక అడుగు నీళ్ళకే తేలుతుంది. తేలకముందే టైర్ల మీద బరువు సగం తగ్గి పక్కకు జారడం మొదలవుతుంది. లోడున్న పికప్ కొంత నయం, కానీ ఇసుక అడుగున్న చోట అదే బరువు దాన్ని దించేస్తుంది. డుంబ్రిగుడ దగ్గర చాపరాయిలా పలకరాయి మీద పారే చోట్ల లోతు తక్కువే అయినా నాచు మీద టైరు పట్టు దొరకదు. నీటి ఒరవడి పక్కనుంచి తోస్తుంటే బండి అడ్డంగా జారిపోతుంది.

దిగే ముందు సీటు బెల్టులు విప్పి, కిటికీ అద్దాలు దించండి. అవతలి గట్టు ఎక్కే చోటును, దిగే చోటుకు కాస్త ఒరవడి వైపు కిందుగా ఎంచుకోండి. నీరు తోస్తున్న దిక్కుకే ఐమూలగా పోతే బండికి శ్రమ తక్కువ. లాగే తాడు లేదా షాకిల్ ముందే హుక్కుకు తగిలించి బానెట్ మీద పెట్టుకోండి. మునిగాక బురదనీటిలో హుక్కు వెతకడం చాలా కష్టం.

ఫోర్-లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే స్థితి), రెండో గేరు. బాగా రాళ్ళుంటే ఒకటో గేరు. నడిచే మనిషి వేగంతో దిగి, ముందు ఒక చిన్న అల లేచాక దాని వెనకే గంటకు 5, 6 కిలోమీటర్ల వేగంతో పోవాలి. ఆ అల వెనక ఇంజన్ గదిలో నీటి మట్టం బయటికన్నా తక్కువగా ఉంటుంది. వేగంగా వెళ్ళి నీళ్ళు చిమ్మించడం ఫొటోకు బాగుంటుంది, కానీ ఆ చిమ్మిన నీరే బానెట్ మీదకెక్కి గాలి మూతిలోకి పోతుంది. ఇంజన్ 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య నిలకడగా ఉంచండి. సైలెన్సర్‌లోంచి పొగ ఆ వేగంతో వస్తుంటే నీరు వెనక్కి రాదు. మధ్యలో గేరు మార్చొద్దు, క్లచ్ తొక్కొద్దు. తొక్కితే ప్లేటుకూ ఫ్లైవీల్‌కూ మధ్య నీళ్ళు చేరి జారుతుంది.

లోతు బంపరు దాటేలా ఉంటే బానెట్ ముందు అంచు నుంచి బంపరు కిందిదాకా టార్పాలిన్ బిగించి కట్టండి. ముందుకు కదులుతున్నంతసేపే అది పనిచేస్తుంది. ఆగినా, రివర్స్ వేసినా దానివల్ల లాభం లేదు. నిమిషం లోపు దాటే చోట మాత్రమే వాడి, గట్టెక్కగానే విప్పేయండి. లేకపోతే ఇంజన్ కాగిపోతుంది. ఒక బండి పూర్తిగా గట్టెక్కాకే రెండోది దిగాలి.

సిటీలోనూ ఇదే సూత్రం. చావులమదుం లాంటి రైల్వే వంతెనల కింద నీళ్ళు నిలిచినప్పుడు మీరు కొలుచుకున్న లోతు ఎదురుగా వచ్చే బస్సు అలతో ఒక్కసారి జానెడు పెరుగుతుంది. బస్సు పోయాక దిగండి.

నీళ్ళలో ఇంజన్ ఆగిపోతే

సెల్ఫ్ కొట్టొద్దు. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. ఐడిల్‌లో నీళ్ళు తాగి ఆగిన ఇంజన్‌లో రాడ్లు ఇంకా బాగుండే అవకాశం ఉంది. సెల్ఫ్ కొట్టినా, నలుగురూ తోసి గేరులో స్టార్ట్ చేసినా ఆ అవకాశం పోతుంది. తర్వాత ఈ క్రమంలో చేయండి.

1. కీ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, తాడుతోనో వించితోనో బయటికి లాగండి. గేరులో ఉంచి లాగితే క్రాంకు తిరుగుతుంది.

2. బ్యాటరీ నెగటివ్ తీయండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ఫిల్టరూ, ఆ తర్వాతి గొట్టమూ పొడిగా ఉంటే సమస్య బహుశా కరెంటుది. తడిగా ఉంటే సిలిండర్లలో నీళ్ళున్నట్టే లెక్క.

3. గొట్టాలూ ఇంటర్‌కూలరూ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) విప్పి నీళ్ళు వంపండి. ఇంటర్‌కూలర్ అడుగున లీటరు దాకా నిలవొచ్చు. దాన్ని వదిలేస్తే మొదటి రేజుకే సిలిండర్లలోకి పోతుంది.

4. డీజిల్‌లో గ్లో ప్లగ్గులు, పెట్రోలులో స్పార్క్ ప్లగ్గులు తీయండి. గ్లో ప్లగ్గు బిగుసుకుంటే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఆగండి, బలవంతం చేస్తే హెడ్‌లోనే విరుగుతుంది. ఇంజన్ ఇప్పుడే ఆగి ఉంటే కామన్ రైల్ పైపుల జోలికి వెళ్ళొద్దు. ఆ ఒత్తిడిలో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

5. క్రాంకు పుల్లీ బోల్టుకు సాకెట్ రించి పెట్టి, ఇంజన్ తిరిగే దిక్కులోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే ఆపేసి వర్క్‌షాపుకు లాక్కెళ్ళండి.

6. అడ్డు లేకపోతే ఇంజెక్టర్ల కప్లర్లు పీకి, బ్యాటరీ కలిపి, ఐదేసి సెకన్లు సెల్ఫ్ తిప్పండి. ప్లగ్గు రంధ్రాల్లోంచి నీళ్ళు వేగంగా చిమ్ముతాయి, మొహం దూరంగా పెట్టండి. పొగమంచులా వచ్చేది ఆగే దాకా మళ్ళీ చేయండి.

7. ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి చేత్తో ఒక చుట్టు తిప్పండి. అంతకన్నా ఎక్కువ వద్దు, ఆయిల్ కూడా నీళ్ళలాగే నలగదు. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చి, డీజిల్ ఫిల్టర్ కింద ఉండే నీళ్ళ మర తిప్పి శుభ్రమైన డీజిల్ వచ్చే దాకా వదిలి, విప్పినవన్నీ తిరిగి బిగించి, అప్పుడు స్టార్ట్ చేయండి.

8. పది నిమిషాలు ఐడిల్‌లో నడిచాక ఆయిల్ మళ్ళీ మార్చండి. ఆ వారంలోనే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువ ఉంటే హెడ్ విప్పి పిస్టన్ల ఎత్తు పోల్చాల్సిందే.

ఇదంతా 24 గంటల్లోపు జరగాలి. తడి సిలిండరు గోడలు రాత్రికి రాత్రే తుప్పు పడతాయి. ఇన్సూరెన్స్ సంగతి: మామూలు ప్యాకేజీ పాలసీ హైడ్రోలాక్‌కు సాధారణంగా వర్తించదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉండాలి. అది ఉన్నా, నీళ్ళలో ఆగిన ఇంజన్‌కు సెల్ఫ్ కొట్టారని తేలితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. విప్పేముందు కంపెనీకి చెప్పి, నీటి గుర్తులు కనిపించేలా ఫొటోలు తీసి ఉంచండి.

సురక్షితంగా దాటాక

గట్టెక్కి కొద్ది దూరం బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించి నడపండి, షూలు ఆరతాయి. ఆ సాయంత్రం రేడియేటర్‌ను ఇంజన్ వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడి నీటితో కడగండి. ప్రెషర్ గన్ను డైనమో మీదకూ ఆయిల్ సీళ్ళ మీదకూ పెట్టొద్దు. ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లకు గ్రీసు గన్నుతో, పాత గ్రీసూ నీళ్ళూ బయటికొచ్చే దాకా కొట్టండి.

ఆయిళ్ళను మర్నాడు పొద్దున చూడాలి, రాత్రంతా నిలిస్తే నీరు అడుగుకు దిగుతుంది. ముందు ఫిల్లర్ బోల్టు విప్పండి. అది ఊడి రాకపోతే కింది బోల్టు ముట్టుకోవద్దు, ఆయిలంతా కారిపోయాక నింపే దారి ఉండదు. తర్వాత కింది డ్రెయిన్ బోల్టును ఊడదీయకుండా ఒకటి రెండు మరలు వదులు చేసి, మొదట వచ్చే అరగ్లాసును తెల్ల ప్లాస్టిక్ సీసాలో పట్టండి. ముందు నీళ్ళు వచ్చినా, ఆయిల్ పాలు పోసిన టీలా ఉన్నా మొత్తం దించాల్సిందే. చవక ఆయిల్ పోసి 10, 15 కిలోమీటర్లు నడిపి, అదీ దించి, అసలు ఆయిల్ పోయండి. ఇరుసులకు సాధారణంగా జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90. గేర్ బాక్సుకు అదే పోసేయకుండా మాన్యువల్ చూడండి, కొన్ని గేర్ బాక్సుల ఇత్తడి సింక్రో రింగులకు జీఎల్-5 పడదు. దించిన ఆయిల్‌ను పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇవ్వండి, కాలవలో పోయొద్దు.

చలికాలం అరకులో పొద్దున్నే ఆయిల్ మూత లోపల తెల్లటి నురగ కనబడితే కంగారు పడొద్దు, అది మంచు తేమ కావచ్చు. డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా అదే రంగులో ఉంటేనే నీళ్ళు చేరినట్టు.

ఉప్పునీళ్ళు

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. గెడ్డనీరు ఆరితే మట్టి మిగులుతుంది, సముద్రపు నీరు ఆరినా ఉప్పు మిగిలి గాలిలో తేమను పీల్చుకుంటూ తినడం కొనసాగిస్తుంది. అందుకే భీమిలి, యారాడ వైపు అలల అంచున బండి దించడమే వద్దంటాం. ఏడాది మొదటి నెలల్లో ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, అదీ ఒక బలమైన కారణం. తప్పనిసరిగా తడిస్తే అదే రోజు మంచినీళ్ళతో ఛాసిస్ లోపలి గొట్టాలు, బ్రేకులు, కప్లర్ల బయటి భాగం కడిగి, మర్నాడు ఇంకోసారి కడగండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినట్టు పెద్ద తుపాను వస్తుందని తెలిస్తే బండిని సెల్లారులో ఉంచకుండా ఎత్తైన చోట, చెట్లకు దూరంగా నిలబెట్టండి. నిలిచి ఉన్న బండి మునిగితే నీళ్ళు సైలెన్సర్ గుండా, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వులోంచి సిలిండరు దాకా వెళ్తాయి. అప్పుడు ఎయిర్ ఫిల్టర్ పొడిగానే కనబడొచ్చు. దాన్ని చూసి స్టార్ట్ చేయకండి. నీటి గుర్తు ఫ్లోరు దాటి ఉంటే పైన చెప్పిన రెండో అంకెలో బ్యాటరీ తీయడం వరకు చేసి, ఫిల్టర్‌తో పని లేకుండా మూడు నుంచి ఎనిమిది దాకా వరసగా చేయండి. ఇరుసులు, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసుల్లో ఆయిల్ కూడా మార్చాకే బండి రోడ్డెక్కాలి.